పనిచేయుచున్న పాత సాఫ్టువేరు

విండోసు 10 అను కంప్యూటరు వ్యవస్థకు మైక్రోసాఫ్టు కంపెనీవారు 2025 అక్టోబరు 14 వ తేదీతో సాధారణ సంరక్షణము చాలించిరి. ఆ కంపెనీవారి ఆఫీసు 2016, ఆఫీసు 2019 కూర్పులకును ఆనాడే గడువు తీరినది. అప్పటినుండి మన పట్టణములలో నొక వింత సందడి పుట్టినది. అమ్మకపు ప్రతినిధులు మిల్లులకును, అచ్చుకూటములకును, ఆడిటర్ల ఆఫీసులకును, సహకార సంఘములకును తిరిగి, "మీ యంత్రములు చచ్చినవి, క్రొత్తవి కొనుడు" అని చెప్పుచున్నారు. యజమాని వెనుకకు తిరిగి చూచును. చచ్చినదన్న యంత్రము నిన్నటివలెనే నేడును లెక్కలు వేయుచున్నది, బిల్లులు అచ్చు వేయుచున్నది, జాబులు వ్రాయుచున్నది. అబద్ధమాడుచున్నది అమ్మువాడా, యంత్రమా యని యాతడు సందేహపడుట సహజము. ఈ సందేహమును గూర్చి మా యభిప్రాయమును విన్నవింపదలచినాము. ఏలయన, ఇది పైకి గుమాస్తాల గదికి సంబంధించిన చిన్న విషయమువలె దోచినను, మన ధనమునకును, భద్రతకును, స్వాతంత్ర్యమునకును, తుదకు తెలుగు లిపికిని సంబంధించిన పెద్ద విషయము.

ఈ విషయమున మన వారు రెండు పక్షములుగా చీలియున్నారు. పాతదానిని వెంటనే పాఱవేసి క్రొత్తదానిని తెచ్చుకొననివాడు వెనుకబడినవాడని యొక పక్షము. నడుచుచున్న బండిని ఆపి చక్రములు మార్చువాడు తెలివిమాలినవాడని మఱొక పక్షము. మొదటి పక్షమువారికి పొరుగింటి పుల్లకూర రుచి. రెండవ పక్షమువారికి ఇల్లు కాలుచున్నప్పుడు గాని నూతిని త్రవ్వవలెనను తలంపు రాదు. మాకు రెండు పక్షములును సమ్మతములు కావు. పాత యనుట గుణమును గాదు, దోషమును గాదు. ఆ సాధనము మన పనిని చేయుచున్నదా, మన సొత్తును కాపాడుచున్నదా, రేపు మనము వదలుకొనదలచినప్పుడు మన సొత్తును మన చేతికి తిరిగి ఇచ్చునా అనునవే విచారింపదగిన ప్రశ్నలు.

సాఫ్టువేరు నాగలివలె అరుగదు. మోటారువలె తుప్పు పట్టదు. 2001 లో వ్రాసిన యాజ్ఞలు నేడును అక్షరము తప్పక అట్లే యుండును. అట్లయిన నది పాతబడుట యెట్లు? అది మాఱదు గాని దాని చుట్టునున్న లోకము మాఱును. దొంగలు క్రొత్త దారులు కనిపెట్టుదురు. ప్రభుత్వము క్రొత్త చట్టములు చేయును. మనతో ఉత్తరప్రత్యుత్తరములు జరుపువారు క్రొత్త రూపమున పత్రములు పంపుదురు. పాత యంత్రము చెడినప్పుడు దానికి తగిన భాగములు బజారున దొరకవు. దానిని నడుప నేర్చిన గుమాస్తా పనినుండి విరమించును. ఈ యైదు కారణములలో ఏదియు లేనిచో పాత సాఫ్టువేరును మార్చుటకు కారణమే లేదు. ఏదైన నొకటి యున్నయెడల, పనిచేయుచున్నదను సమాధానము చాలదు.

మొదట దొంగల మాట. 2017 మే 12 వ తేదీని 'వానాక్రై' అను పేరుగల యొక విషక్రిమి లోకమెల్ల వ్యాపించినది. సుమారు 150 దేశములలో రెండు లక్షలకు మించిన కంప్యూటర్లలో చొరబడి, అందలి దస్తావేజులకు తాళము వేసి, తాళపుచెవికి 300 డాలర్లు కోరినది. ఇంగ్లండులో ప్రభుత్వ వైద్యశాఖకు చెందిన 236 ట్రస్టులలో 80 కి తక్కువ కాకుండ ఇబ్బంది పడినవి. చికిత్సకై నిర్ణయించిన దినములు వేలకొలది రద్దయినవి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్నియు నీ తెగులునకు చిక్కినవి. ఇందు గమనింపదగిన సంగతి యొకటి కలదు. ఆ క్రిమి ప్రవేశించిన ద్వారమును మూయుటకు వలసిన సవరణను కంపెనీవారు రెండు నెలలకు పూర్వమే, అనగా 2017 మార్చి 14 వ తేదీననే పంపియుండిరి. దెబ్బ తిన్న కంప్యూటర్లలో అత్యధికము మిక్కిలి పాతవైన ఎక్స్‌పీ యంత్రములు కావు; అప్పటికి సంరక్షణము గల విండోసు 7 యంత్రములు. సవరణ వచ్చియు, దానిని చేర్చుకొనని వారి యింటనే దొంగ పడినాడు.

కావున దీనినుండి మనము నేర్వవలసినది, పాతదంతయు ప్రమాదమని కాదు. కాపలా లేని తలుపు ప్రమాదమని. విండోసు 10 నేడు పనిచేయుచున్నది నిజమే. కాని, నేటినుండి దానియందు క్రొత్తగా బయల్పడు లోపములను సొమ్ము చెల్లించిన వారికో, పేరు నమోదు చేసికొన్న వారికో తప్ప ఇతరులకు కంపెనీవారు సవరించి పంపరు. క్రొత్త కూర్పులో నొక లోపమును సరిదిద్దినప్పుడు, అదే లోపము పాత కూర్పులోను ఉండునని దొంగకు దారి చూపినట్లగును. ఇంటర్నెట్టుతో సంబంధము గల యంత్రమునకు ఇది గొప్ప యపాయము. సంబంధమే లేక, ఒక మూలగదిలో తూనిక చీట్లు మాత్రము అచ్చు వేయు యంత్రమునకు ఇది స్వల్పమైన యపాయము. ఈ రెండింటిని ఒకే త్రాసున తూచి భయపెట్టువాడు వ్యాపారి. రెండింటిని ఒకే త్రాసున తూచి ధైర్యము చెప్పువాడు సోమరి.

క్రొత్తదనిన సుఖమే యనుకొనువారికి మఱి రెండు సంగతులు మనవి చేయుచున్నాము. 2024 జూలై 19 వ తేదీని 'క్రౌడ్‌స్ట్రయిక్' అను రక్షణ కంపెనీ తాను పంపిన యొక సవరణలోనే తప్పు దొర్లించుటచే, లోకమున సుమారు 85 లక్షల కంప్యూటర్లు నీలితెర చూపి నిలిచిపోయినవి. విమానములు ఆగినవి, బ్యాంకులు, ఆసుపత్రులు చిక్కుపడినవి. మన హైదరాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు బోర్డింగు పాసులను చేతితో వ్రాసి ఇయ్యవలసి వచ్చినది. దొంగలనుండి కాపాడుటకు నియమించిన కాపలావాడే ఆనాడు తలుపునకు అడ్డముగా పడినాడు. ఆనాడు విమానము ఎక్కించినది కలమును కాగితమును అను మాట మఱవరాదు.

రెండవది ఇంగ్లండులోని బర్మింగుహాము నగరసభ వృత్తాంతము. ఆ నగరసభవారు 1999 నుండి వాడుచుండిన లెక్కల సాఫ్టువేరును విడిచి, 2022 ఏప్రిలులో క్రొత్తదానిని ప్రవేశపెట్టిరి. మొదట దానికి వేసిన యంచనా సుమారు రెండుకోట్ల పౌండ్లు. తరువాత నయిన వ్యయము దానికి నాలుగైదు రెట్లు మించినది. బ్యాంకు లెక్కను నగరసభ లెక్కతో సరిచూచుకొనుటకే వీలులేకపోయినది. ఎవరికి ఎంత బాకీయో, తమకు రావలసినదెంతయో సరిగా చెప్పలేని దశకు ఆ గొప్ప నగరసభ దిగినది. కొండనాలుకకు మందు వేసిన ఉన్ననాలుక ఊడినదను మన సామెతకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను? ఆ సభవారి పాత వ్యవస్థ మార్పదగినది కాదని మేమనుట లేదు. తమ పని ఎట్లు జరుగుచున్నదో మొదట పూర్తిగా తెలిసికొనక, పాతదానిని క్రొత్తదానిని కొంతకాలము ప్రక్కప్రక్కన నడిపి సరిచూచుకొనక మార్చుట వలన వచ్చిన కీడని మాత్రము చెప్పుచున్నాము.

ఇంత దూరము పోనేల? భూస్వాములైన మన చదువరులకు తెలంగాణములోని 'ధరణి' సంగతి తెలియనిది కాదు. 2020 అక్టోబరు 29 వ తేదీని ప్రారంభమైన యా భూమి లెక్కల వ్యవస్థ రిజిస్ట్రేషనును, పేరు మార్పును ఒకేచోట జరుపు సౌకర్యమును కల్పించినది. ఆ సౌకర్యమును మేము కాదనము. కాని, పాత దస్త్రములలోని తప్పులు క్రొత్త తెరమీదికి ఎక్కినప్పుడు, వానిని దిద్దుకొనుటకు రైతులు కచ్చేరీల చుట్టు తిరుగవలసి వచ్చెనను ఫిర్యాదులు అనేకముగా వచ్చినవి. తుదకు 2025 ఏప్రిల్ 14 వ తేదీని దానికి మాఱుగా 'భూభారతి'ని ప్రవేశపెట్టిరి. తప్పుల చిట్టాను బంగారు పళ్లెరమున పెట్టినంతమాత్రమున అది ఒప్పుల చిట్టా కాజాలదు. యంత్రమును మార్చుటకు ముందు లెక్కను శుద్ధి చేయవలెననుట ప్రభుత్వమునకును, పచారీ కొట్టునకును సమానముగా వర్తించు ధర్మము.

ఇక అమ్మువాని స్వార్థము. విండోసు 11 ను నడుపుటకు కంప్యూటరులో ఒక ప్రత్యేకమైన రక్షణచిప్పు ఉండవలెనని కంపెనీవారు నియమము చేసిరి. తాము చెప్పిన జాబితాలోని ప్రాసెసరు గూడ ఉండవలెననిరి. ఆ నియమము ననుసరించి 2018 నకు పూర్వపు యంత్రములు చాలవఱకు, అవి ఎంత దృఢముగా నున్నను, వెలివేయబడుచున్నవి. రక్షణ దృష్టితో నీ నియమమునకు కొంత సమర్థనము లేకపోలేదు. కాని, పనిచేయుచున్న యంత్రము చెత్తకుప్పకు పోవుటయు, దాని చోట క్రొత్తది అమ్ముడగుటయు నీ నియమమువలన కలిగిన ఫలితములే. పాతదానినే ఉంచుకొనదలచిన సంస్థలకు మూడేండ్లపాటు, అనగా 2028 అక్టోబరు వఱకు సవరణలు అమ్ముదుమని చెప్పి, యంత్రమొక్కింటికి మొదటియేట 61 డాలర్లును, రెండవయేట దానికి రెట్టింపును, మూడవయేట మఱల రెట్టింపును ధర నిర్ణయించిరి. మూడేండ్లకు మొత్తము 427 డాలర్లు. ఆ సొమ్ముతో ఒక సామాన్యమైన క్రొత్త కంప్యూటరే రాగలదు. ఏటేట రెట్టింపగు ధరలో ఇక చాలించుడను సూచన యున్నదని వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇంతకంటె పెద్ద సంగతి మఱొకటి. మునుపు సాఫ్టువేరును ఒకసారి కొనినచో మన యంత్రములో మనదిగా నుండెడిది. నేడు నెలనెల అద్దె చెల్లించు పద్ధతి ప్రబలినది. అద్దె యిల్లు ఎంత సుందరమైనను తాళపుచెవి యజమానునియొద్ద నుండును. 2025 జూలైలో గుజరాతులోని వాడినార్‌వద్ద ఏటికి రెండుకోట్ల టన్నుల చమురును శుద్ధిచేయు నయారా కంపెనీకి ఈ సత్యము చక్కగా తెలిసివచ్చినది. ఆ కంపెనీలో రష్యా వారికి భాగముండుటచే ఐరోపా సమాఖ్యవారు దానిపై ఆంక్షలు విధించిరి. ఆ వెంటనే మైక్రోసాఫ్టువారు, సొమ్ము చెల్లించియున్నను, ఆ కంపెనీయొక్క జాబులను, దస్తావేజులను అందకుండ నిలిపివేసిరి. కంపెనీ ఢిల్లీ హైకోర్టున దావా వేసినది. కొలది దినములలో సేవలు పునరుద్ధరింపబడినవి. భారతదేశపు చట్టమున కేమాత్రము విరుద్ధము కాని వ్యాపారము జరుపుచున్న భారతదేశపు కంపెనీ తన జాబులను తాను చదువుకొనుటకు పరదేశపు ఆంక్షల దయకై కనిపెట్టుకొని యుండవలసి వచ్చెను. ఆ కంపెనీయొద్ద హైకోర్టునకు పోవుటకు బలము కలదు. మన తాలూకా పట్టణములోని అచ్చుకూటపు యజమాని ఎక్కడికి పోవును?

కావున క్రొత్త కూర్పునకు మాఱుమని చెప్పునప్పుడు, ఆ మార్పు కొనుగోలా, అద్దెయా యని మొదట అడుగుడు. అద్దె యైనచో, అద్దె మానిననాడు మన పత్రములు మన చేతికి వచ్చునా యని రెండవమాఱు అడుగుడు. కాగితములకు బీరువాను కొనుట వేఱు. మన కాగితములున్న బీరువాకు మనమే అద్దె చెల్లించుట వేఱు.

ఇప్పుడు తెలుగు లిపిని గూర్చి. ఇది మా మనస్సున కన్నిటికంటె దగ్గఱగా నున్న విషయము. మన యచ్చుకూటములలో నేటికిని పేజిమేకరు అను పాత సాఫ్టువేరు విరివిగా వాడుకలో నున్నది. దాని తుది కూర్పైన 7.0 వెలువడినది 2001 లో. ఎడోబి కంపెనీవారు 2004 లోనే దాని యభివృద్ధిని చాలించిరి. దానికి తోడుగా మనవారు అను మొదలగు అక్షరరూపములను వాడుచున్నారు. పెండ్లి శుభలేఖలు, కరపత్రములు, పాఠ్యపుస్తకములు, పద్యకావ్యములు, పత్రికలు దశాబ్దములుగా నీ జంటతో వెలువడినవి. ఆ యక్షరముల సొంపును, ఆ సాధనములతో మన కంపోజిటర్లు సంపాదించిన చేతివాటమును మేము తక్కువచేసి చెప్పము. కంప్యూటరునకు తెలుగు రాని దినములలో తెలుగును అచ్చున నిలిపిన సాధనములవి.

కాని, అందు నొక గూఢమైన చిక్కు కలదు. ఆ పద్ధతిలో కంప్యూటరు తెలుగక్షరమును తెలుగక్షరముగా నెఱుగదు. ఇంగ్లీషు అక్షరములకు నిర్ణయించిన స్థానములలో తెలుగు గీతలను, తలకట్లను, గుడులను, ఒత్తులను ఇమిడ్చియుందురు. తెరమీద మనకు 'అమ్మ' యని కనబడునది యంత్రముయొక్క లెక్కలో నర్థము లేని ఇంగ్లీషు గుఱుతుల వరుస. ఆ యక్షరరూపము లేని మఱొక యంత్రమున ఆ దస్తావేజును తెఱచినచో కనబడునది పిచ్చివ్రాత. అందు నొక మాటను వెదకుటకు వీలులేదు; అకారాది క్రమమున పేర్చుటకు వీలులేదు; గ్రుడ్డివారికి చదివి వినిపించు యంత్రము దానిని చదువలేదు; ఇంటర్నెట్టున వెదకువారికి అది దొరకదు. అచ్చయిన కాగితము ఉన్నంతవఱకే ఆ రచన తెలుగు. కాగితము నశించిననాడు మిగులునది తాళము వేసిన పెట్టె. తాళపుచెవి ఇరువదియైదేండ్ల నాటి సాఫ్టువేరు.

దీనికి మందు లేకపోలేదు. లోకమునందలి లిపుల కన్నిటికి నొక్కొక్క స్థానమును నిర్ణయించిన యూనికోడు అను ప్రమాణములో, 1991 అక్టోబరులో వెలువడిన మొదటి కూర్పునందే తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. 2001 లో వెలువడిన విండోసు ఎక్స్‌పీతో 'గౌతమి' యను తెలుగు అక్షరరూపము వచ్చినది. పోతన, వేమన అను పేర్లతో స్వేచ్ఛగా వాడుకొనదగిన యక్షరరూపములును వెలువడినవి. తరువాత ప్రభుత్వ ప్రోత్సాహముతో మఱికొన్ని వచ్చినవి. నేడు చేతిఫోనులో తాత మనుమరాలికి వ్రాయు జాబు యూనికోడు తెలుగే. కాని మహాకావ్యమునకు వ్యాఖ్య వ్రాసి అచ్చొత్తించిన పండితుని గ్రంథము మాత్రము పాత పెట్టెలో బందీయై యున్నది. చేతిఫోనులోని చాటువు బ్రతికి, పండితుని గ్రంథము చచ్చుట మన జాతికి గౌరవమా?

అచ్చుకూటపు యజమానులకు మా విన్నప మిది. పేజిమేకరును రేపే పాఱవేయుడని మేము చెప్పము. మీ పనివాని చేయి దానియందు తిరిగియున్నది. రేపటి శుభలేఖ రేపే కావలెను. కాని, నేటినుండి క్రొత్తగా కంపోజు చేయు ప్రతి గ్రంథమును మొదట యూనికోడులో నొక ప్రతిగా ఉంచుడు. పాత దస్తావేజులను యూనికోడునకు మార్చు పరికరములు కలవు. అవి అక్కడక్కడ తప్పులు చేయును. దిద్దుటకు మనుష్యుడు కావలెను. మొదట విలువైన గ్రంథములను, రచయితలు గతించినవారి గ్రంథములను ఏఱి మార్పించుడు. పాత యంత్రము నడచుచున్న యీ దినములలోనే యీ పని చేయవలెను. అది నిలిచిపోయిన తరువాత చేయబూనుట చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట యగును. గ్రంథకర్తలును తమ ముద్రాపకులనుండి అచ్చు ప్రతులతోపాటు యూనికోడు ప్రతిని హక్కుగా కోరవలెను.

చట్టమును గూర్చియు నొక మాట. లెక్కల సాఫ్టువేరు విషయమున పాతది పనిచేయుచున్నదను సమాధానము తఱచుగా చెల్లదు. 2017 జూలై 1 వ తేదీని వస్తుసేవల పన్ను వచ్చినప్పుడు పాత లెక్కల పుస్తకములు, పాత సాఫ్టువేర్లు ఒక్కదినముననే పనికిరానివైనవి. 2023 ఏప్రిల్ 1 నుండి కంపెనీలు వాడు లెక్కల సాఫ్టువేరు, ఎవరు ఏ పద్దును ఎప్పుడు దిద్దినదియు చెఱుపరాని జాడగా నిలుపవలెనని నియమము వచ్చినది. వార్షిక వ్యాపారము 5 కోట్ల రూపాయలు మించినవారు 2023 ఆగస్టు 1 నుండి ఇతర వర్తకులకు వేయు బిల్లులను ప్రభుత్వపు వ్యవస్థలో నమోదు చేయించుకొనవలసి యున్నది. ఇట్టి విషయములలో తటపటాయించుట పొదుపు కాదు. ఈ రంగమున మన దేశీయమైన బెంగుళూరు టాలీ మిల్లులయందును, కొట్లయందును వ్యాపించియుండుట సంతోషకరము. కాని, దేశీయమైనదను కారణమున దొంగకూర్పును వాడుట ధర్మము గాదు. వెల యీయక స్వదేశీని ప్రోత్సహించుట యనునది ఏ శాస్త్రమునను లేదు.

ఇంతవఱకు చెప్పినదానినుండి కర్తవ్యము తేటపడుచున్నది. ప్రతి యజమానియు నొక పూట కూర్చుండి తన యాఫీసులోని యంత్రముల జాబితా వ్రాయవలెను. ఏ యంత్రమున ఏ సాఫ్టువేరు కలదు, ఏది ఇంటర్నెట్టుతో సంబంధము గలది, దేనియందు ఇతరుల సొమ్ముగాని, ఆధారు సంఖ్యలుగాని, రహస్యములుగాని ఉన్నవి అని గుర్తింపవలెను. ఇంటర్నెట్టును, ఇతరుల రహస్యములను కలిగి సంరక్షణము లేని యంత్రమును ఆలస్యము చేయక మార్పవలెను. అది మన యిష్టానిష్టములకు లోబడినది కాదు. ఇతరుల సొత్తునకు మనము ధర్మకర్తలము. ఇంటర్నెట్టు అక్కఱలేని యంత్రమునుండి ఆ తీగను తీసివేసి, హాయిగా నడిపించుకొనవచ్చును. ఇతరులు తెచ్చిన పెన్‌డ్రైవులను దానికి తగిలింపనీయకుండుట మాత్రము నియమముగా పెట్టుకొనవలెను.

మార్చినను మార్పకున్నను చేయవలసినది మఱొకటి కలదు. దస్తావేజులకు నకళ్లు ఉంచవలెను. ఒకటి యంత్రమున, ఒకటి వేఱు పెట్టెలో, ఒకటి వేఱు ఇంట. వరదవచ్చినను, దొంగ వచ్చినను, అమ్మినవాడు అలిగినను, ఒకటైన మిగులును. నకలు తీసితిమని తృప్తిపడరాదు. ఆరునెలలకొకమాఱు దానిని మఱొక యంత్రమున తెఱచి చూడవలెను. తెఱచి చూడని నకలు నకలు గాదు. క్రొత్తదానికి మాఱదలచినవారు పాతదానిని వెంటనే పాఱవేయక, రెండు మూడు నెలలు రెండింటను లెక్కలు వ్రాసి, పైసకు పైస సరిపోయిన తరువాతనే పాతదానిని విశ్రమింపజేయవలెను. అంతేగాక, ఏడాదికింత యని కొంత సొమ్మును మోటారు మరమ్మతునకు తీసిపెట్టునట్లే కంప్యూటరునకును తీసిపెట్టవలెను. అట్టివాడు అమ్మువాని గడువునకు బెదరడు. తన గడువును తానే నిర్ణయించుకొనును.

స్వతంత్ర సాఫ్టువేరును గూర్చి చెప్పక ముగించుట న్యాయము గాదు. వెలుపలివాని యనుమతి లేకుండ వాడుకొనుటకును, దిద్దుకొనుటకును, పంచుకొనుటకును వీలైన లినక్సు, లిబ్రెయాఫీసు మొదలగునవి, వెలివేయబడిన పాత యంత్రములకు చాలవఱకు క్రొత్త ప్రాణము పోయగలవు. కేరళ రాష్ట్రమువారు తమ పాఠశాలలలో దీర్ఘకాలముగా వీనినే వాడుచున్నారు. జర్మనీలోని ష్లెస్‌విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రమువారు 30,000 కంప్యూటర్లను లిబ్రెయాఫీసునకు మార్చుటకు 2024 లో నిశ్చయించిరి. కాని, సత్యము దాచరాదు. అదే జర్మనీలో మ్యూనిక్ నగరసభ సుమారు 15,000 కంప్యూటర్లను లినక్సునకు మార్చి, 2017 లో మఱల విండోసునకు పోవుటకు తీర్మానించినది. దీనివలన తేలునదేమనగా, స్వాతంత్ర్యమును సంపాదించుట యొక పని. నిలుపుకొనుట నిత్యము చేయవలసిన పని. నేర్పువారు, నేర్చువారు, ఓర్పుగల యజమానులు ముగ్గురును కావలెను. మనకు నేర్పుగలవారు కొఱతయా? మైక్రోసాఫ్టుకు 2014 నుండి అధిపతిగా నున్నవాడు హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల. ఆ కంపెనీవారి యభివృద్ధి కేంద్రము 1998 నుండి హైదరాబాదున కలదు. లోకమునకు సాఫ్టువేరు వ్రాసి ఇచ్చుచున్న తెలుగు బిడ్డలకు తమ యూరి అచ్చుకూటపు తాళము తీయుట అసాధ్యము కాదు. వారిని అడిగినవారు లేరు.

ఉభయ తెలుగు ప్రభుత్వములును ఈ విషయమున నొక చిన్న మేలు చేయవచ్చును. ప్రతి ఉత్తరువును, ప్రతి పాఠ్యపుస్తకమును, ప్రతి గెజిటును బొమ్మగా గాక, యూనికోడు తెలుగులో, ఏ సాఫ్టువేరునందైనను తెఱవదగిన రూపమున ప్రకటింపవలెను. సర్కారు పనికి టెండరు పిలుచునప్పుడు, ఒప్పందము ముగిసిననాడు దస్తావేజులన్నిటిని ఆ రూపముననే తిరిగి ఒప్పగింపవలెనను షరతు వ్రాయవలెను. ప్రభుత్వము అడిగినచో వర్తకులు ఇత్తురు. వర్తకులు ఇచ్చినచో ప్రజలకు లభించును.

పాతదానిపై మమకారము తప్పు గాదు. క్రొత్తదానిపై నాస తప్పు గాదు. అమ్మువాడు చెప్పినాడని మాఱుటయు, బద్ధకమువలన మాఱకుండుటయు తప్పు. సాధనము ఎవరిదైనను కానిండు. లెక్క మనది, జాబు మనది, అక్షరము మనది. వానిని మన చేతిలో నుంచుకొని, పిదప సాధనమును ఉంచుకొందురో మార్చుకొందురో అది మీ యిష్టము. మీ గదిలోని పాత యంత్రము నేడును పనిచేయుచున్నది గదా! ఆ పనిచేయుచున్న దినముననే అందలి మీ సొత్తును వెలికి తీసికొనుడని మా ప్రార్థన.